మార్చి తొమ్మిది చీటీ

ఎవేలియో గొంతు ఆ ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. మనిషిని ఎరిగినవాళ్ళు మాత్రం తక్కువ.

చుట్టల ఫ్యాక్టరీలో అతను చదువరి. పెద్ద హాలు. తొంభై రెండు మంది బల్లల ముందు వరసలుగా కూర్చుని పొద్దస్తమానం పొగాకు చుడుతూ ఉంటారు. చేతులకి పని, కళ్ళకి పని. చెవులే ఖాళీ. ఆ ఖాళీ చెవుల కోసం ఓ మనిషిని పెట్టుకోవడం ఆ దీవిలో తాతలనాటి నుంచీ ఉన్నదే. హాలుకి ఓ చివర నాలుగు మెట్ల ఎత్తున చెక్క అరుగు, అరుగు మీద కుర్చీ, కుర్చీ ముందు మైకు. పొద్దున పేపరు చదవాలి, మధ్యాహ్నం నవల చదవాలి. ఏ నవలో చుట్టేవాళ్ళే చేతులెత్తి తేలుస్తారు. చదువరిని కూడా వాళ్ళే చేతులెత్తి పెట్టుకుంటారు. ఇరవై ఆరేళ్ళ కిందట ఎవేలియోని అలాగే పెట్టుకున్నారు.

అరుగు మీద కూర్చున్నవాడికి అందరూ కనపడతారు, ఎవరితోనూ మాట ఉండదు. అతను చదువుతున్నంతసేపూ వాళ్ళు నోరెత్తరు. అతను ఆపాక వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. కాఫీ వేళకి అతను మెట్లు దిగి వచ్చేసరికి కబుర్లు సగంలో ఉండేవి. సగంలో ఉన్న కబుర్లో దూరడం అతనికి చేతకాదు. చేతిలో కాగితం ఉంటే పులి. లేకపోతే నోట్లో నాలుక లేని మనిషి. భార్య నెరేయిదా ఎగతాళి చేసేది, "నీకు మాటలు అచ్చేసి ఇవ్వాలయ్యా, అప్పుడు గానీ పెదవి కదలదు" అని. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఎగతాళి చేసే దిక్కు కూడా లేదు.

పేపరు అయ్యాక, పది గంటలకి, చీటీలు. అరుగు మెట్టు మీద ఓ పాత డబ్బా ఉంటుంది. చెప్పుకోవలసింది ఉన్నవాళ్ళు కాగితం ముక్క మీద రాసి అందులో వేస్తారు. ఫలానా వాళ్ళ గొడుగు దొరికింది. ఫలానా ఆవిడ తండ్రి పోయాడు, నాలుగింటికి తీసుకెళతారు. మూడో వరస ఒనేలియా మనవరాలికి ఇవాళ ఏడేళ్ళు. పుట్టినరోజు చదవగానే హాలు మొత్తం ఆకు కోసే కత్తుల్ని బల్లల మీద మూడుసార్లు కొడుతుంది. టక్, టక్, టక్. తొంభై రెండు కత్తులు ఒక్కసారి పడితే పైకప్పు రేకుల మీది పావురాలు లేచిపోయేవి.

డిసెంబరులో ఓ ఆదివారం, వాన పడుతుండగా, మారెలిస్ అతనింటికి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. ఒకప్పుడు బళ్ళో సైన్సు చెప్పేది. ఆ జూలై ఆదివారం జనం కరెంటు లేదని, మందుల్లేవని అరుచుకుంటూ వీధుల్లోకి వచ్చారు కదా, ఆ తర్వాత ఎవరెవర్ని పట్టుకెళ్ళారో ఈవిడ రాయడం మొదలుపెట్టింది. బడి వాళ్ళు రావద్దన్నారు.

"పావుగంట కూర్చోవచ్చా పెద్దాయనా?"

"కూర్చో అమ్మా. కాఫీ పొడి మాత్రం లేదు."

"తెలుసు. తెచ్చుకున్నాను." సంచీలోంచి చిన్న పొట్లం తీసింది.

"నీ వెనకాల ఎవరైనా వచ్చారా?"

"రాకుండా ఉంటారా? బ్రెడ్డు కొట్టు చూరు కింద నిలబడ్డాడు. పాపం గొడుగు మర్చిపోయాడు. నాదివ్వనా అంటే మొహం తిప్పుకున్నాడు."

ఎవేలియో కాఫీ పెట్టాడు. ఆవిడ ఓ కాగితం బల్ల మీద పరిచింది. తొమ్మిది పేర్లు, ఎదురుగా తారీఖులు.

"మన ఊరివాళ్ళు," అంది. "వీళ్ళ సంగతంతా నెట్టులో నా పేజీలో ఉంది. పేరు, వయసు, ఏ జైలు, ఎన్నేళ్ళు. లోకమంతా తెరుచుకుంటుంది ఆ పేజీ, ఈ దీవిలో తప్ప. ఇక్కడ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మాడ్రిడ్‌లో ఎవడో మన చుట్టే కాలుస్తూ ఓస్నియెల్ పేరు చదువుకోవచ్చు. మీ హాల్లోనే పనిచేసే వాళ్ళమ్మ చదవలేదు."

"ఏవో దొడ్డిదారి యాప్‌లు ఉంటాయంటగా?"

"ఉంటాయి. దొడ్డిదారికైనా ముందు ఇల్లంటూ ఉండాలిగా? నా ఫోనుకి నెట్టే పీకేశారు. రాసిందంతా హవానాలో ఓ స్నేహితురాలికి ఫోన్లో చెప్తాను, కామాలు చుక్కలతో సహా. ఆవిడ ఎక్కిస్తుంది. ఎక్కించాక అదెలా ఉందో నా కళ్ళతో నేను చూసుకోలేను. పిల్లని కని పెంపకానికి ఇచ్చినట్టుంది."

ఎవేలియో కాగితం వంక చూశాడు. ఆ జూలై ఆదివారం జనం తన వీధిలోంచే వెళ్ళారు. అతను కిటికీ రెక్కలు వేసేసి, అరుపులు అయిపోయేదాకా వంటింట్లో నిలబడ్డాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

"నన్నేం చెయ్యమంటావు?"

"పుట్టినరోజులు చదవండి. అంతే. జైలు మాట వద్దు, శిక్ష మాట వద్దు. ఒనేలియా మనవరాలికి చదివినట్టే చదవండి. పుట్టినరోజుకి ఎవరు అడ్డం చెప్తారు?"

"చెప్పేవాళ్ళు చెప్తారమ్మా."

"చెప్తే చెప్పనివ్వండి. ఏమని చెప్తారో నాక్కూడా వినాలనుంది."

ఆవిడ కాఫీ తాగి వెళ్ళిపోయింది. చదువుతానని అతను అనలేదు. కాగితం మాత్రం ఉంచుకున్నాడు.

జనవరి పదిహేడున చీటీలన్నీ అయ్యాక, జేబులోంచి ఇంకోటి తీశాడు. "వడ్రంగి సిరిలో మొంతెయాగుదోకి ఇవాళ ముప్ఫై ఒకటి. శుభాకాంక్షలు." గొంతు వణక్కుండా ఉండాలని ముందు రోజు వంటింట్లో పదిసార్లు చదువుకున్నాడు. వణకలేదు. ముందు రెండో వరసలో ఓ కత్తి పడింది. ఆ వెనకే అన్నీ పడ్డాయి.

ఇక్కడో తమాషా జరిగింది. మేనేజరు బెర్నబే వెనక గుమ్మం దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఈనెలు తీసే షెడ్డులో సిరిలో అని ఇంకో ముసలాయన ఉన్నాడు. ఆయన పుట్టినరోజే అనుకుని బెర్నబే కూడా అరచేత్తో గుమ్మం మీద మూడుసార్లు కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు. షెడ్డుకి వెళ్ళి ఆయన్ని కావలించుకున్నాడు. "నాది అక్టోబరండీ" అన్నాడా ముసలాయన. "అయితే ముందే చెప్పేసినట్టు" అని బెర్నబే నవ్వుకుంటూ వచ్చేశాడు.

ఫిబ్రవరిలో రెండు చదివాడు ఎవేలియో. రెండోది బ్రెడ్డు కాల్చే యాదెల్‌ది. అప్పటికి హాలుకి సంగతి తెలిసిపోయింది. కత్తులు మూడుసార్లు పడి ఆగాలి. ఆ రోజు ఆరో ఏడో పడ్డాయి. ఎవరో ముక్కు చీదిన చప్పుడు మైకులో కూడా వినపడింది.

సాయంత్రం బెర్నబే పిలిపించాడు. అతనూ ఒకప్పుడు చుట్టలు చుట్టినవాడే. గోళ్ళ కింద ఆ గోధుమరంగు ఇంకా పోలేదు.

"తలుపు వేసి రా, కామ్రేడ్."

"వేస్తే గాలాడదు."

"ఆడకపోతే చస్తామా? వెయ్యి. ఎవడీ యాదెల్? మన పట్టీలో లేడే?"

"ఒనేలియా మనవరాలు కూడా మన పట్టీలో లేదు."

"నాతో వేళాకోళమా?"

"నాకు వేళాకోళం రాదు. మీకు తెలుసుగా."

"అదేనయ్యా నా భయం. వేళాకోళమైతే నవ్వి ఊరుకుందును." బెర్నబే నుదురు తుడుచుకున్నాడు. "పైనుంచి ఫోనొచ్చింది. ఆ సిరిలోకి మీరు కూడా కొట్టారటగా అని అడిగారు. నేను! పోయి కావలించుకున్నాను కూడా అని ఎవరికీ తెలీదు కాబట్టి బతికాను."

ఎవేలియోకి నవ్వొచ్చింది. బెర్నబేకి రాలేదు.

"రేపట్నుంచి చీటీలన్నీ ముందు నా బల్ల మీదకి. నా సంతకం లేనిది నీ నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారు. ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇంటి దగ్గర నీకెవరున్నారు? ఈ కుర్చీ కూడా పోతే ఏం చేస్తావు? గోడలకి చదువుతావా?"

జవాబు చెప్పడానికి ఎవేలియో చేతిలో కాగితం లేదు.

నాలుగో వరసలో కిటికీ పక్కన మిగ్దాలియా కూర్చుంటుంది. ఓస్నియెల్ తల్లి. కుర్రాడు ఆ జూలైలో పోలీసులు లాఠీలు ఎత్తుతుంటే ఫోనుతో తీసి అందరూ చూసేట్టు పెట్టాడు. ఎనిమిదేళ్ళు వేశారు. అప్పట్నుంచి మిగ్దాలియాకి అటూ ఇటూ బల్లలు ఖాళీ అయ్యాయి. ఒకావిడ కిటికీ గాలి పడదంది. ఇంకొకావిడ ఏమీ అనకుండానే లేచిపోయింది. ఆవిడంటే కోపం ఎవరికీ లేదు. భయం ఉంది. భోజనాల వేళ మిగ్దాలియా గిన్నె విప్పుకుని, కిటికీ వైపు తిరిగి, నల్ల చిక్కుళ్ళు అన్నం ఒక్కతే తినేది. అది అరుగు మీంచి ఎవేలియోకి రోజూ కనపడేది. ఆ హాల్లో ఒంటరివాళ్ళు ఇద్దరు. ఒకరు పైన, ఒకరు కింద. ఇద్దరి మధ్యా పదిహేను అడుగులుండవు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడతో అతను మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మార్చి ఎనిమిది సాయంత్రం ఆవిడే మెట్ల దగ్గరికి వచ్చింది.

"నేనే రాశాను. తప్పులుంటే మీరు దిద్దుకోండి."

చీటీలో ఇలా ఉంది. "నా కొడుకు ఓస్నియెల్‌కి ఇవాళ ఇరవై మూడు. గుడ్లు దొరకలేదు, అందుకని కేకు చెయ్యలేదు. అమ్మ."

దిద్దవలసింది ఏమీ లేదు. మర్నాడు పొద్దున్నే బెర్నబే బల్ల మీద పెట్టాడు. బెర్నబే చదివి, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత పెట్టాడు. గుడ్లు దొరకలేదన్న దాని మీద రెండు గీతలు పెట్టాడు. "ఇది కూడా రాయాలా?" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. చీటీ ఎవేలియోకే తిరిగి ఇచ్చేశాడు. పారేయమనీ అనలేదు, ఉంచుకోమనీ అనలేదు.

ఆ రోజు మిగ్దాలియా తెల్ల జాకెట్టు వేసుకొచ్చింది. పొగాకు పనికి తెల్లబట్ట ఎవరూ కట్టరు. చెవులకి పోగులు పెట్టుకుంది. పది గంటలయింది. "చీటీలు" అన్నాడు ఎవేలియో. గొడుగు చదివాడు. ఎవరిదో సైకిలు అమ్మకం చదివాడు. ఐదో వరసావిడ తమ్ముడి పెళ్ళి చదివాడు. సంతకం ఉన్నవి అయిపోయాయి. మిగ్దాలియా కత్తి చేతిలో పట్టుకుని తలెత్తి చూస్తోంది. హాల్లో ఇంకా కొందరు చూస్తున్నారు. చీటీ అతని చొక్కా జేబులో ఉంది. చెయ్యి జేబుదాకా వెళ్ళింది. కుర్చీ చేతుల మీద నున్నగా అరిగిపోయిన చెక్క మోచేతికి తగిలింది. వంటింటి గోడలు కళ్ళ ముందు కదిలాయి. చెయ్యి వెనక్కి వచ్చేసింది. పేపరు తిప్పి, ఆటల పేజీ చదవడం మొదలుపెట్టాడు.

మిగ్దాలియా తల వంచి ఆకు కోసుకుంది.

సాయంత్రం గేటు దగ్గర అతనికి ఎదురుపడింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"మీ గొంతు ఇవాళ బొంగురుపోయింది ఎవేలియో గారూ," అంది. "తేనె చప్పరించండి." అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం దాకా అతనికి అన్నం సయించలేదు. ఆదివారం మధ్యాహ్నం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మారెలిస్ ఇంటికి నడిచాడు. వీధి మలుపులో పోలీసతను కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

"ఎక్కడికి పెద్దాయనా?"

"బళ్ళోకి. ఈ వయసులో పాఠం చెప్పించుకోవలసొచ్చింది."

అతను నవ్వాలో వద్దో తెలీక పేరు రాసుకున్నాడు.

లోపల సంగతంతా చెప్పాడు. మారెలిస్ విని, సొరుగులోంచి అద్దం పగిలిన ఫోను ఒకటి తీసింది.

"నెట్టు లేకపోయినా ఫోను పక్కన ఫోను పెడితే పాట వెళ్తుందిగా, అలాగే మాట కూడా వెళ్తుంది. నెట్టు పీకగలరు. బస్సు కోసం పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి మధ్య గాలిని ఎలా పీకుతారు? తొమ్మిది పేర్లూ నేను చదువుతాను. మీరు వద్దు."

"ఎందుకు వద్దు?"

"మీ గొంతుకి సంతకం అక్కర్లేదు పెద్దాయనా. మొదటి మాటకే ఊరంతా పోల్చేస్తుంది."

"నీ గొంతు ఎవరు వింటారమ్మా? నీది టీచరు గొంతు. రెండో ముక్కకే జనం కిటికీలోంచి బయటికి చూస్తారు."

మారెలిస్ పకపకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "కుర్చీ పోతుంది. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకునే ఆ రోజు చదవలేదు. ఇంక ఆలోచించను."

ఫోను దిండు మీద పెట్టారు. ఎవేలియో నిటారుగా కూర్చున్నాడు. "పది గంటలయింది. చీటీలు," అని ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. తొమ్మిది పేర్లు, తొమ్మిది పుట్టినరోజులు. ఎవరి వృత్తి వాళ్ళది, ఎవరి వీధి వాళ్ళది. జైలు మాట ఒక్కటీ లేదు. ఓస్నియెల్ దగ్గరికి వచ్చేసరికి జేబులోంచి ఆ ఎర్ర గీతల చీటీ తీసి ఉన్నది ఉన్నట్టు చదివాడు. గుడ్లు దొరకలేదన్నది కూడా చదివాడు. అంతా కలిపి రెండు నిమిషాలు.

వారంలో ఊరంతా పాకింది. మంగళవారం బ్రెడ్డు వరసలో నిలబడితే ఎవరి సంచీలోంచో తన గొంతే సన్నగా వినపడింది. అతన్ని చూడగానే ఆ సంచీ ఆవిడ ఆపేసింది. బస్సు కోసం నిలబడ్డ చోట మళ్ళీ వినపడింది. మళ్ళీ ఆగిపోయింది. అతని గొంతు ప్రతి ఇంట్లోనూ తిరుగుతోంది. అతను మాత్రం ఎక్కడికి వెళ్తే అక్కడ నిశ్శబ్దం. ఒకావిడ వరసలో తన ముందు జాగా ఇచ్చింది. అది కూడా మొహం అటు తిప్పుకునే ఇచ్చింది.

గురువారం భోజనాలయ్యాక చదువరిని మార్చడానికి హాల్లో ఓటు పెడుతున్నారని బోర్డు మీద రాశారు. ఇస్త్రీ చొక్కాలవాళ్ళు ఇద్దరు పై ఆఫీసు నుంచి వచ్చారు. కాఫీ వేళ ఎవేలియో మెట్లు దిగి, ఎవరి కబుర్ల దగ్గరా ఆగకుండా, తిన్నగా నాలుగో వరస కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఇవాళ నువ్వు చెయ్యెత్తు," అన్నాడు.

"ఎత్తను," అంది మిగ్దాలియా.

"ఎత్తు చెల్లెమ్మా. నెలకోసారి వాణ్ణి చూడనిస్తున్నారు. అదొక్కటీ పోగొట్టుకోకు."

"మీ కుర్చీ పోతుంది."

"ఎలాగూ పోతుంది. తొంభై ఒక్క చేతులతో పోయినా తొంభై రెండుతో పోయినా కుర్చీకి తేడా తెలీదు."

"నాకు తెలుస్తుంది."

గంట కొట్టారు. అరుగెక్కి కూర్చున్నాడు.

బెర్నబే మైకు తీసుకుని ఓ కాగితం తడుముకుంటూ చదివాడు. చదువరి తన బాధ్యత మరిచాడు, చదువరిని మార్చాలన్నవాళ్ళు చేతులెత్తండి అని. ముందు ఎవరూ ఎత్తలేదు. ఇస్త్రీ చొక్కాలవాళ్ళలో ఒకడు పుస్తకం తెరిచాడు. అప్పుడు మొదటి వరసలో ఓ చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. తర్వాత వరస వెంట వరస. పొగాకు మరకల చేతులు. ఒనేలియా కళ్ళు మూసుకుని ఎత్తింది. ఒకడు మోచెయ్యి బల్ల మీదే ఉంచి, వేళ్ళు మాత్రం పైకి లేపాడు. ఎవేలియోకి కోపం రాలేదు. ఒక్కొక్క చెయ్యీ చూస్తూ, ఆ మనిషికి తను ఏ ఏడు ఏ కబురు చదివాడో గుర్తుచేసుకున్నాడు. ఇతనికి కవల పిల్లలు. ఈవిడకి తల్లి పోయిన కబురు.

మిగతా అన్ని చేతులూ లేచాయి. మిగ్దాలియా రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. పుస్తకం వాడు పెన్ను పట్టుకుని అటే చూస్తున్నాడు.

ఎవేలియో లేచి మైకు తనవైపు లాక్కున్నాడు.

"నాలుగో వరస, కిటికీ పక్క," అన్నాడు, చీటీ చదివినట్టే. "మిగ్దాలియా, నిన్నే. వినపడలేదేమో. చేతులెత్తమంటున్నారు."

ఆవిడ అతని కళ్ళలోకి చూసింది. తర్వాత చెయ్యి ఎత్తింది.

"తొంభై రెండు," అన్నాడు ఎవేలియో. మైకు ఆపేసి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని, నాలుగు మెట్లూ దిగి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ వెళ్ళింది, మే వెళ్ళింది. కుర్చీలో కొత్త అమ్మాయిని పెట్టారు. మంచి గొంతేనట. మారెలిస్‌ని గడప దాటనివ్వడం లేదు. పోలీసతని కుర్చీ మలుపులోంచి ఆవిడ గుమ్మం ముందుకి వచ్చింది. ఎవేలియో ఇంటికి ఎవరూ రాలేదు. ఓ రోజు పొద్దున పేపరు తీసి వంటింట్లో నిలబడి పైకి చదివి చూశాడు. నాలుగు వాక్యాలయ్యాక ఆపేశాడు. బెర్నబే చెప్పినట్టే అయింది. గోడలు ఏ మాటకీ ఊఁ కొట్టవు. కర్రపెండలం ఉడకేసుకోవడం, తినడం, గిన్నె కడుక్కోవడం. కొన్ని రోజులు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఒక్క మాట కూడా నోట్లోంచి రాకుండానే గడిచిపోయేవి.

జూన్లో ఓ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ముందుగదిలో ఫోను మోగింది. ఎవరో తప్పు నంబరనుకుని ఎత్తాడు.

"ఎవేలియో గారేనా? నేను ఓస్నియెల్‌ని."

ఎవేలియో కూర్చోబోయి, కుర్చీ దూరంగా ఉండటంతో నిలబడిపోయాడు.

"అమ్మ ఫోను వారం నుంచి మోగట్లేదండీ. పీకేసినట్టున్నారు. మొన్న చూడ్డానికొచ్చినప్పుడు చెప్పింది, నాది మోగకపోతే ఈ నంబరుకి చెయ్యి అని. ఐదు నిమిషాలిచ్చారు. అందులో ఇంకా నాలుగున్నరే మిగిలాయి."

"నువ్వు... అంటే... ఆ... బాగున్నావా బాబూ?"

అటువైపు నవ్వు వినపడింది. "నిజంగా మీరేనా? మీరు చదివిన నవలలన్నీ అమ్మ ఇంటికొచ్చి మాకు చెప్పేది. ఇలా నత్తి నత్తిగా మాట్లాడతారని చెప్పలేదు."

"కాగితం లేదు చేతిలో," అన్నాడు ఎవేలియో. తర్వాత గబగబా అనేశాడు, "నీ పుట్టినరోజు నేను ఆ రోజు చదవలేదు. భయపడ్డాను. తర్వాత చదివాను."

"అమ్మ చెప్పింది. నేను వినలేదు లెండి. ఇక్కడ సెల్‌ఫోన్లుండవు. అమ్మకి చెప్తారా? పన్ను నొప్పి తగ్గింది. పీకేశారు. వాన లోపలికి వస్తోంది గానీ నా మంచం మీదకి కాదు. సిరిలో సబ్బు ముక్కల్తో చదరంగం బొమ్మలు చేస్తున్నాడు. గుర్రం మాత్రం కుక్కలా వచ్చింది. నీలం చొక్కా పంపొద్దని చెప్పండి, వేసుకోనివ్వరు. ఎవరికీ ఇచ్చెయ్యొద్దని కూడా చెప్పండి."

"చెప్తాను."

"మీరెలా ఉన్నారు?"

ఆ ప్రశ్న ఎవేలియోని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో. నోరు తెరిచాడు. "ఉన్నాను," అన్నాడు.

"వింటున్నారా? టైం అయిపోతోంది. ఇంకా అమ్మతో..."

లైను పోయింది.

ఫోను పక్కన పెన్సిలు లేదు. వెతికితే మాటలు జారిపోతాయని భయం వేసింది. చెప్పులు వేసుకుని ఎండలోకి వచ్చేశాడు. పన్ను, వాన, సబ్బు గుర్రం, నీలం చొక్కా. పన్ను, వాన, సబ్బు గుర్రం, నీలం చొక్కా. అచ్చులో లేని మాటలు మోసుకెళ్ళడం అతనికి అలవాటు లేదు. ఫ్యాక్టరీలో కరెంటు పోయిందని ఆ పూట ముందే వదిలేశారు. దారిలో ఒనేలియా ఎదురైంది. "ఈ ఎండలో ఎక్కడికి అన్నయ్యా?" అని పలకరించింది, ఓటయ్యాక మొదటిసారి. అతను నోరు విప్పితే మాటలు పోతాయని చెయ్యి ఊపి దాటిపోయాడు. కోపం వచ్చిందనుకుని ఒనేలియా అక్కడే నిలబడిపోయింది.

మిగ్దాలియా ఆ పూట ఇంట్లోనే ఉంది. గుమ్మంలోకి వచ్చింది. అతను నిలబడే చెప్పాడు, కుర్రాడు ఏ మాట ఎలా అన్నాడో అలాగే. నత్తి నత్తిగా మాట్లాడతారన్నది కూడా చెప్పాడు. ఆవిడ తలుపు చెక్క పట్టుకుని వింది.

"మళ్ళీ చెప్పండి," అంది.

మళ్ళీ చెప్పాడు.

"గొంతు ఎలా ఉంది వాడిది?"

ఎవేలియో ఆలోచించాడు. ఇరవై ఆరేళ్ళు గొంతుతో బతికినవాడు. "నవ్వితే చివర కాస్త పైకి వెళ్తుంది," అన్నాడు.

"వాళ్ళ నాన్నది." ఆవిడ తల ఆడించింది. "ఇంకేమన్నాడు?"

"'ఇంకా అమ్మతో' అన్నాడు. లైను పోయింది."

"ఇంకా అమ్మతో," అంది మిగ్దాలియా.

ఎదురింటి ముందు, ఎవరింటికి ఎవరొచ్చారో పైకి చేరవేసే వీధి కమిటీ ఆవిడ ఊడవడం ఆపి, చీపురు పట్టుకుని ఇటే చూస్తోంది. మిగ్దాలియా అటు చూసి, గొంతు తగ్గించింది.

"లోపలికి రమ్మనలేను."

"తెలుసు చెల్లెమ్మా."

"వాడు మళ్ళీ చేస్తాడా?"

"మంగళవారం మంగళవారం ఇస్తారేమో. నేను ఇంట్లోనే ఉంటాను."

ఎండ ఇంకా తగ్గలేదు. వచ్చిన దారినే వెళ్ళాడు. ఒనేలియా నిలబడ్డ చోట ఎవరూ లేరు. ఇంటికి చేరి, వంటింట్లో కుర్చీ ముందుగదిలోకి లాక్కొచ్చి, ఫోను పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఆ రోజు ఇంకా మంగళవారమే.